ఇసుకలో ఇంకిన దెబ్బ

ఓరుగల్లు కోటను చూడవచ్చు విద్యార్థులు కీర్తితోరణముల చెంత గుమిగూడుదురు. రాతిగోడల నెక్కి నలుదెసలు పరికింతురు. త్రోవలో తాము దాటివచ్చిన మట్టికట్టను మాత్రము పెక్కుమంది గుర్తింపరు. గడ్డి మొలిచిన ఆ మట్టను చూచి ఏ చెరువుకట్టయో యనుకొని సాగిపోదురు. అది చెరువుకట్ట కాదు. కాకతీయుల రాజధానికి వెలుపలి ప్రాకారము. గణపతిదేవుడు ఆరంభించిన రాతికోటను రుద్రమదేవి పూర్తిచేసెననియు, దాని చుట్టును కందకముతో కూడిన మట్టికోటను పెట్టించెననియు చెప్పుదురు. 1310లో మాలిక్ కాఫూరు సేనలు ఓరుగల్లును ముట్టడించినపుడు వారికి మొదట ఎదురైనది ఈ మట్టిగోడయే. ఢిల్లీ ఆస్థానకవి అమీర్ ఖుస్రో తన పారశీక గ్రంథము ‘ఖజాయిన్-ఉల్-ఫుతూహ్’లో ఆ ముట్టడిని వర్ణించుచు, శత్రువుల గోడను మెచ్చుకొనక ఉండలేకపోయెను. ఉక్కు ఈటెకు సైతము అది లొంగదనియు, యంత్రములు రువ్విన రాయి దానిని తాకి వెనుకకు ఎగిరిపడుననియు వ్రాసెను. అందులో మొదటి మాట నిజమునకు దగ్గర. రెండవది కవి చమత్కారము. మట్టిని తాకిన రాయి వెనుకకు ఎగిరిపడదు. ఎగిరిపడకుండుటయే మట్టి గొప్పతనము.

తుదకు ఆ గోడయు లొంగినమాట నిజమే. కందకము పూడి, రాళ్ళదెబ్బలకు నలిగి, అది శత్రువులకు దారి యిచ్చినది. కాని అంతవరకు అది నిలిచిన తీరే శత్రుకవిచేత ప్రశంస చేయించినది. కట్టడములలో రాతికి మర్యాద యెక్కువ, మట్టికి తక్కువ. యుద్ధరంగమున ఈ మర్యాద తారుమారగుట చరిత్రలో పలుమారులు కనిపించును. రాజస్థానమునందలి భరత్‌పూర్ కోటకు ‘లోహగఢ్’ అని పేరు. పేరు లోహముదే గాని వెలుపలి ప్రాకారము మట్టిది. 1805 జనవరి, ఫిబ్రవరి నెలలలో లార్డ్ లేక్ నాలుగు మారులు దానిపై దాడి చేసి, చంపబడినవారును గాయపడినవారును కలిసి మూడువేలకు మించిన సైనికులను నష్టపోయి వెనుదిరిగెను. 1826లో అది ఇంగ్లీషువారికి చిక్కినపుడు పని జరిపినది ఫిరంగి గుండు కాదు. గోడ క్రింద సొరంగము త్రవ్వి పేల్చిన మందుగుండు.

ఇటుకకును ఇసుకకును పరీక్ష ఒకే అధికారి చేతిలో, ఏడాదిన్నర లోపల జరిగిన ఉదంతము ఒకటి అమెరికా అంతర్యుద్ధమున కలదు. ఆ అధికారి పేరు క్విన్సీ గిల్మోర్. ఉత్తరపు సేనలో ఇంజనీరు. జార్జియా రాష్ట్రమున సవానా నది ముఖద్వారమునందు పులాస్కీ అను ఇటుకకోట యుండెను. గోడ మందము ఏడున్నర అడుగులు. మైలునకు పైగా దూరముననున్న టైబీ దీవినుండి ఏ ఫిరంగియు దానిని ఛేదింపజాలదని ఆనాటి యుద్ధశాస్త్రజ్ఞుల నమ్మకము. యౌవనమున ఆ కోట నిర్మాణములో పనిచేసిన రాబర్ట్ లీ సేనానికిని అదే నమ్మకము. గొట్టము లోపల మెలికగాళ్ళు కోసిన క్రొత్తరకపు ఫిరంగులతో గిల్మోర్ 1862 ఏప్రిల్ 10న కాల్పులు ఆరంభించెను. ముప్పది గంటలలో గోడకు గండి పడినది. ఆ గండిలోనుండి దూసుకొనిపోవు గుండ్లు ఎదుటి మూలనున్న మందుగుండు కొట్టు వైపు పోవుచుండుట చూచి, కోటలోనివారు 11వ తేదీన తెల్లజెండా నెత్తిరి.

మరుసటి సంవత్సరము అదే గిల్మోర్ దక్షిణ కారొలినాలోని చార్ల్‌స్టన్ రేవునకు వచ్చెను. 1863 జూలై 10న మోరిస్ దీవిపై అతని సేన దిగినది. అక్కడ అతనికి అడ్డు నిలిచినది వాగ్నర్ అను కోట. దానిని కోట యనుటయే గౌరవము. సముద్రపు ఒడ్డు ఇసుకను పోగుచేసి, తాటిజాతి చెట్ల దుంగలతో ఊతమిచ్చి, పైన పచ్చికగడ్డలు పరచిన దిబ్బ అది. జూలై 18న ఉదయము మొదలు ప్రొద్దుగ్రుంకువరకు నేలమీది ఫిరంగులు, యుద్ధనౌకల ఫిరంగులు కలిసి వేలకొలది గుండ్లు దానిపై కురిపించెను. ఇక లోపల ఎవ్వరును బ్రతికియుండరని తలచి సాయంకాలమున సేనను నడిపించిరి. ముందు నడిచినది నీగ్రో సైనికులతో కూర్చిన 54వ మసాచుసెట్స్ దళము. దాని నాయకుడు కర్నల్ రాబర్ట్ షా. లోపలివారు ఇసుక క్రింది దుంగల మాళిగలలో దాదాపు క్షేమముగానే యుండిరి. గుండ్లు ఆగగనే గోడలపైకి వచ్చి కాల్చిరి. షా మరణించెను. ఉత్తరసేనలో చనిపోయినవారు, గాయపడినవారు, చిక్కినవారు సుమారు పదునైదు వందలు. అటుపిమ్మట గిల్మోర్ కందకములు త్రవ్వుకొనుచు అంగుళమంగుళముగా ముందునకు సాగవలసివచ్చినది. సెప్టెంబరు 6 రాత్రి లోపలివారు తమంతట తాము ఖాళీ చేసిపోవువరకు ఆ ఇసుకదిబ్బ అతనికి లొంగలేదు. ఏడున్నర అడుగుల ఇటుకకు ముప్పది గంటలు. ఇసుకకు ఏబదియెనిమిది దినములు.

ఇంతకంటె విచిత్రమైనది పొరుగుననే జరిగినది. చార్ల్‌స్టన్ రేవు నడుమనున్న సమ్టర్ ఇటుకకోటను అదే సంవత్సరము ఆగస్టులో గిల్మోర్ ఫిరంగులు నుగ్గునుగ్గు చేసెను. గోడలు కూలి ఇటుకముక్కల గుట్టగా మారినవి. ఇక కోట లేదని శత్రువులు తలచిరి. కాని ఆ శిథిలమునే లోపలివారు ఇసుకతో కలిపి ఎగదోసుకొని, దాని చాటున 1865 ఫిబ్రవరి వరకు నిలిచిరి. గోడగా నున్నపుడు పగిలిన ఇటుక, పొడిగా మారిన పిమ్మట పగులుటకు ఏమియు మిగులక, దెబ్బలను మ్రింగుట నేర్చినది.

ఈ వింతకు కారణము వెదకినచో మొదట దెబ్బ అనగా ఏమో తెలిసికొనవలెను. ఒక కిలోగ్రాము రాతిని ఒక మీటరు ఎత్తునుండి విడిచితిమనుకొనుడు. నేలను తాకునప్పటికి దానిలో చేరు గతిశక్తి రాయి ఎచ్చట పడినను ఒక్కటే. భేదమంతయు అది ఎంత దూరములో ఆగునన్న దానియందున్నది. గచ్చునేలపై ఒక మిల్లీమీటరులో ఆగినచో దానిపై పనిచేయు సగటుబలము దాని బరువునకు వేయిరెట్లు. ఇసుకలో ఐదు సెంటీమీటర్లు దిగి ఆగినచో బలము ఇరువదియొక్క రెట్లు మాత్రమే. గాజుగిన్నె గచ్చుపై పగులుటకును ఇసుకలో నిలుచుటకును ఇదియే మొదటి కారణము. క్రికెట్ ఆటగాడు బంతిని పట్టునపుడు చేతులు వెనుకకు లాగుకొనుటయు ఇట్టిదే.

అయినను ఇది సగము సమాధానమే. దూది పరుపును, ఇనుప స్ప్రింగును సైతము దెబ్బను దూరము సాగదీయును. కాని స్ప్రింగు తాను తీసికొన్నదానిని తిరిగి యిచ్చివేయును, రాయి పైకెగురును. ఇసుక ఇచ్చునది లేదు. బడిలో ఏ ఖర్చును లేకుండ దీనిని చూపవచ్చును. ఒకే తీరు రబ్బరు బంతులు రెండు తీసికొని, ఒకదానికి చిన్న రంధ్రము చేసి సగమువరకు పొడి ఇసుక పోసి, రంధ్రము మూసి, రెండింటిని ఒకే ఎత్తునుండి విడువవలెను. ఖాళీ బంతి మరల మరల ఎగురును. ఇసుక బంతి ‘దబ్బు’మని పడి దాదాపు అచ్చటనే ఉండిపోవును. పనివారు వాడు సుత్తులలో తల డొల్లగా చేసి లోపల ఇనుపగుండ్లు పోసిన రకమొకటి కలదు. కొట్టినపుడు అది వెనుకకు ఎగురదు గనుక మణికట్టునకు శ్రమ తక్కువ. ఆ సుత్తియు ఈ బంతియు ఒకే తల్లి బిడ్డలు.

ఇచ్చట పోయిన శక్తి ఎక్కడ చేరినది? తెలుగున ‘ఇసుమంత’ అను మాట అత్యల్పమునకు గుర్తు. ఇసుము అనగా ఇసుకయే. అర మిల్లీమీటరు వ్యాసముగల రేణువులైనచో ఒక ఘన సెంటీమీటరు ఇసుకలో సుమారు తొమ్మిదివేలుండును. దోసెడు ఇసుకలో లక్షలు. ప్రతి రేణువును నాలుగైదు పొరుగు రేణువులను తాకుచుండును. రాయి వచ్చి పడినపుడు పై రేణువులు క్రిందివానిని నెట్టును, అవి ప్రక్కవానిని. ఒక్కొక్క స్పర్శవద్ద ఇసుమంత జారుట, ఇసుమంత రాపిడి, ఇసుమంత ఢీ. రాపిడివద్ద శక్తి ఉష్ణముగా మారును. ఢీకొన్న ప్రతిసారియు రేణువులు తాము వచ్చిన వేగముకంటె తక్కువ వేగముతో విడిపోవును. ఇట్లు లక్షల చోట్ల లక్షల చిన్న నష్టములు కూడి, కన్ను మూసి తెరచులోపల మొత్తము శక్తి ఖర్చగును. పైన చెప్పిన కిలోగ్రాము రాతి శక్తి యంతయు కిలోగ్రాము ఇసుకలో ఉష్ణమైనచో, దాని వేడిమి పెరుగునది డిగ్రీలో నూరవవంతునకు కొంచెమెక్కువ. అందుచేతనే చేతికి ఏమియు తెలియదు. తుపాకిగుండువంటి వేగముగల వస్తువైనచో రేణువులు పగిలి పిండియగును. ఆ పగులుటకును శక్తి కావలెను గనుక అదియు దెబ్బలోనుండి తీసివేతయే.

బలము రేణువులన్నింటికి సమముగా పంచబడునని మాత్రము అనుకొనరాదు. పల్లకిని మోయు బోయీలలో పొడుగువాని భుజముపై బరువెక్కువ పడినట్లు, ఇసుకలోను కొన్ని రేణువులే అధికభారము వహించును. వాటి ప్రక్కనున్నవి సోమరులవలె ఊరకుండును. భారము మోయు రేణువులు ఒకదానినొకటి ఆనుకొని గొలుసులవలె సాగును, చెట్టువేరువలె చీలును. ఒత్తిడి కలిగినచోట వెలుగు మారు పదార్థముతో ఫ్రాన్సు దేశపు డాంటూ 1957లోనే ఈ గొలుసులను కంటికి చూపెను. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున రాబర్ట్ బెరింజర్ బృందము అట్టి బిళ్ళల రాశిపై వస్తువును పడవేసి, మిక్కిలి వేగముగల కెమెరాతో చిత్రించి, 2012లో ఫలితములు ప్రకటించినది. వస్తువు దిగుచున్నపుడు బలము నిలకడగా ఉండక తెరలుతెరలుగా పుట్టి, గొలుసుల వెంట లోనికి పరుగెత్తి, అణగిపోవుట వారు చూచిరి. క్షణమునకొక గొలుసు ఏర్పడును. మోయలేక వంగి కూలును. దాని స్థానమున వేరొకటి లేచును. దెబ్బ తిన్నది గోడయే యైనచో పగులు ఒకచోట పుట్టి అదే దారిన పెరుగుచు పోవును. ఇసుకలో పగులునకు నిలువ నీడ లేదు. గుండు త్రవ్విన గుంటలోనికి చుట్టునున్న ఇసుక జారి పడును; మిగిలినదానిని వాగ్నర్ కోటవారు రాత్రివేళ పారలతో పూడ్చుకొనిరి.

ఈ విద్యకు ఆద్యులలో పలువురు సైనిక ఇంజనీర్లగుట యాదృచ్ఛికము కాదు. విద్యుత్తుశాస్త్రమున ప్రసిద్ధుడైన కూలంబ్ తన యౌవనమును మార్టినిక్ దీవిలో కోట కట్టించుటలో గడిపి, 1773లో ప్యారిస్ అకాడమీకి సమర్పించిన వ్యాసమున మట్టి బలమునకు రెండు మూలములు చూపెను. ఒకటి రాపిడి, రెండవది అంటుకొను గుణము. పొడి ఇసుకకు మొదటిది మాత్రమే కలదు. ఓరుగల్లు మట్టికి రెండును కలవు. ఆ గోడ నిటారుగా నిలువగలిగినది రెండవ గుణముచేత. దెబ్బను అరిగించుకొనగలిగినది ప్రధానముగా మొదటి గుణముచేత. ఆ తరువాతి తరమువాడు పోన్స్‌లే. 1812లో నెపోలియను సేనతో రష్యాకు పోయి, ఖైదీయై, చెరలోనే జ్యామితిలో క్రొత్త శాఖకు పునాది వేసిన మేధావి అతడు. మట్టిలోనికి దూరు ఫిరంగిగుండునకు కలుగు ప్రతిఘటనలో ఒక భాగము స్థిరమనియు, మరియొక భాగము వేగపు వర్గమును అనుసరించి పెరుగుననియు అతడు సూత్రీకరించెను. మెల్లగా దిగు కాలికి మెత్తగా తోచు ఇసుక, వేగముగా వచ్చు గుండునకు గట్టిగా ఎదురునిలుచు రహస్యము ఆ రెండవ భాగమున నున్నది.

ఇంతవరకు ఇసుకను పొగడుటయే అయినది. దానికి ఒక మొండితనము కలదు. రేణువులు కదలగలిగినంతవరకే అది దెబ్బను మ్రింగును. వదులుగా పోసిన ఇసుకలో ఘనపరిమాణమున నూటికి ఏబదియైదు పాళ్ళు రేణువులు, తక్కినది ఖాళీ. కుదించి కుదించి బిగించినచో అరువదినాలుగు పాళ్ళవరకు పోవును. ఈ తొమ్మిది పాళ్ళలోనే మెత్తదనమునకును రాతితనమునకును గల దూరమంతయు ఇమిడియున్నది. బిగిసిన ఇసుకలో ఒక రేణువు కదలవలెనన్న పొరుగుదానిని ఎక్కి దాటవలెను; అనగా రాశి మొత్తము ఉబ్బవలెను. మాంచెస్టరు ఆచార్యుడు ఆస్బర్న్ రెనాల్డ్స్ 1885లో ఈ ధర్మమును కనుగొని పేరు పెట్టెను. రబ్బరు సంచిలో ఇసుకను నీటిని నింపి, గాజుగొట్టము తగిలించి, సంచిని నొక్కినపుడు నీరు గొట్టమున పైకి రాక లోనికి దిగుట చూపి అతడు చూపరులను ఆశ్చర్యపరచెను. మచిలీపట్నమునందో భీమునిపట్నమునందో సముద్రపు టొడ్డున తడియిసుకపై నడచినవారికి ఇది క్రొత్త కాదు. అడుగు పెట్టగనే పాదము చుట్టు ఇసుక తెల్లబారి ఆరినట్లగును. అది ఆరుట కాదు. ఉబ్బిన ఇసుక సందులలోనికి నీరు దిగిపోవుట. ఆ క్షణమున ఆ నేల అరికాలికి గచ్చువలె తగులును.

రేణువు ఆకారమును లెక్కలోనికి వచ్చును. పడమటి దేశములలో కొండదారులు దిగునపుడు బ్రేకులు పోయిన లారీలను ఆపుటకు రోడ్డు ప్రక్కన గులకరాళ్ళు నింపిన పొడుగైన పట్టెలు ఏర్పరతురు. లారీ అందులోనికి దూసుకొనిపోగా చక్రములు ఇరుసువరకు దిగబడి, లక్షల రాళ్ళను త్రోసుకొనలేక బండి ఆగును. అందులో పోయవలసినది గుండ్రని, ఒకే పరిమాణముగల గులక. పగులగొట్టిన కంకర పనికిరాదు. కోసుగల కంకర ఒకదానిలోనొకటి పెనవేసుకొని నేలవలె గట్టిపడును. లారీ దానిపై జారిపోవును. రైలుపట్టాల క్రింద కావలసినది దీనికి సరిగా విపర్యయము. అచ్చట రాయి కొంచెము కదలి అదరును మ్రింగవలెను గాని స్లీపరు దిగబడరాదు. కనుక కోసుగల కంకరయే పోయుదురు. గుండ్రని గులక పరచిన పట్టా నిలువదు, కంకర పరచిన పట్టె లారీని ఆపదు.

కుస్తీ గోదాలో మట్టిని నిత్యము త్రవ్వి తిరుగవేయుట మన పహిల్వానులు తరతరములుగా పాటించు నియమము. రెనాల్డ్స్ పేరు వినకున్నను వారికి ఈ విషయము వెన్నుపూసలచేత తెలిసినది. పాఠశాలలలో లాంగ్ జంప్ గుంటలకు మాత్రము అన్నిచోట్ల ఆ భాగ్యము లేదు. పోటీల నియమములు ఆ గుంట వెడల్పు 2.75 మీటర్లకు తగ్గరాదనియు, అందులో మెత్తని తడియిసుక ఉండవలెననియు చెప్పును. తడి యనగా రేణువులను కొంచెముగా అంటించి, దుమ్ము లేవనీయక, పాదముద్రను నిలుపునంత చెమ్మ. నీరు నిలిచిన బురద కాదు. వానకాలమంతయు విడిచిన గుంటలో ఇసుక వానకు దిగి, ఎండకు ఆరి, ఆటపిల్లల త్రొక్కుళ్ళకు బిగిసి, పైకి ఇసుకవలెనే కనిపించును. ప్రతి దుముకును దానిని మరికొంత బిగించుచునే యుండును. నలుబది కిలోగ్రాముల బాలుడు అర మీటరు ఎత్తునుండి దానిపై పడి, కాళ్ళు వంగక మునుపే మడమలు రెండు సెంటీమీటర్లలో ఆగినచో ఎముకలపై పడు బలము అతని బరువునకు ఇరువది రెట్లు దాటును; పది సెంటీమీటర్లు దిగినచో ఆరు రెట్లు.

చూపుతో ఆ భేదము తెలియదు. పాఠశాలలో ఈటె యున్నచో దానిని గుంటలో నిలువుగా గ్రుచ్చి చూచిన తెలియును. లేనిచో మడమతో గట్టిగా పొడిచి చూచినను చాలును. గట్టిగా తగిలినచో పలుగుతో మూరెడు లోతు పెల్లగించి, పారతో అడుగుది పైకి వచ్చునట్లు తిరుగవేసి, రాళ్ళు, పెంకులు ఏరివేసి, చెమ్మ పట్టునంత నీరు చల్లి, పలకతో పైపైన చదును చేయవలెను. త్రొక్కి చదును చేయరాదు. ఇద్దరు పెద్ద తరగతి విద్యార్థులు చేయి వేసినచో పోటీలనాటి ఉదయము గంట కొట్టులోపలనే ఆ పని ముగియును.